గోదావరి ఒడ్డున బొమ్మల బడి



పండుగలకు, వేసవి సెలవులకు మన ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట రోడ్ల మీద రాత్రి ఎనిమిది దాటిందంటే కోస్తా జిల్లాల బస్సులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆగుతుంటాయి. పెట్టెలు, నీళ్ళ సీసాలు, నిద్రమత్తులో ఉన్న పిల్లలతో ఎన్నో కుటుంబాలు రోడ్డు పక్కన ఎదురుచూస్తుంటాయి. మా ఓ.పి.కి వచ్చేవారిలోను, మన సంఘ కుటుంబాలలోను గోదావరి జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. ఈసారి అటు వెళ్ళేవారు రాజమండ్రిలో ఒక పూట ఆగి, పిల్లలను వెంటబెట్టుకొని, దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ చూసి రమ్మని కోరుతున్నాము. ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారింది గాని, మన నోటికి ఇంకా రాజమండ్రి అనే వస్తుంది. ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాము.

ఆసుపత్రి పత్రికలో బొమ్మల సంగతి ఎందుకని కొందరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ గ్యాలరీ వెనుక ఒక మశూచి మరణం ఉంది. రెండోది మన పిల్లలకు సంబంధించినది. దానితోనే మొదలు పెడతాము.

మన చుట్టుపక్కల బడులలో ఏడాది పొడవునా చిత్రలేఖనం పోటీలు జరుగుతూనే ఉంటాయి. "నీటిని కాపాడుదాం", "పచ్చదనం – పరిశుభ్రత", మే 31న పొగాకు వ్యతిరేక దినం. అంశం ఒకటే ఇస్తారు, బొమ్మలన్నీ గోడకు అంటిస్తారు, తల్లిదండ్రులు చూసి సంతోషిస్తారు. ఆ గోడ ముందు కాసేపు నిలబడి చూడండి. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కింద వంకర టింకరగా ఒక ఏరు, పక్కన పూరిల్లు, ఒక కొబ్బరి చెట్టు. ఇరవై బొమ్మలలో పదిహేను ఇవే. గీసిన పిల్లవాడు ఉండేది మూడో అంతస్తు ఫ్లాటులో. బాల్కనీ నుండి చూస్తే కనబడేది మెట్రో స్తంభం, ఎదురింటి దండెం మీద బట్టలు, వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ళ ట్యాంకరు. నీళ్ళ గురించి బొమ్మ వేయమంటే ఆ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకొని నిలబడిన అమ్మను వేయాలని వాడికి తోచదు. ఎందుకంటే బొమ్మ అంటే కొండలు, పూరిల్లు అని వాడికి ఎవరో ముందే నేర్పారు. దుకాణంలో కొన్న డ్రాయింగు పుస్తకం నేర్పింది, "అలా కాదు, ఇలా వెయ్యి" అని పక్కన కూర్చొని చెయ్యి పట్టి దిద్దిన మనమూ నేర్పాము.

వంద సంవత్సరాల కిందట రాజమండ్రిలో కొందరు విద్యార్థులకు ఇందుకు భిన్నమైన చదువు దొరికింది.

కూల్డ్రే దొర శిష్యులు

ఆ రోజుల్లో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. గోదావరి తీరపు ఊళ్ళు, మనుషులు, పండుగలు అంటే ఆయనకు ఎంతో ఇష్టం. కాలేజీ పాఠాలతో సరిపెట్టక, బొమ్మలు వేసే కుర్రవాళ్ళను, కవిత్వం రాసే కుర్రవాళ్ళను దగ్గరకు తీసి ప్రోత్సహించారు. అలా ఆయన చుట్టూ చేరినవారిలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం ఉన్నారు. కవికొండల వెంకటరావు గారు కూడా ఆయన శిష్యులే. చివరకు వినికిడి బాగా తగ్గిపోవడంతో కూల్డ్రే 1919లో ఉద్యోగం విడిచి ఇంగ్లండు వెళ్ళిపోయారు. వెళ్ళిపోయినా ఆయన నాటిన విత్తనం ఇక్కడ మొలిచింది.

ఆ కాలంలో తెలుగు ఇళ్ళ గోడల మీద రవివర్మ బొమ్మల అచ్చుప్రతులు ఉండేవి. బొమ్మలు నేర్చుకోవడం అంటే చాలామందికి వాటిని చూసి దించడమే. ఉత్తరాన కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూరు గారి శిష్యులు పాత భారతీయ చిత్రాల పద్ధతిని మళ్ళీ బతికించే పనిలో ఉన్నారు. మన వాళ్ళకు ఈ రెండు దారులూ తెలుసు. రామారావు గారు వీటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా లొంగలేదని మా అభిప్రాయం.

దామెర్ల రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలోనే పుట్టారు. కూల్డ్రే ప్రోత్సాహంతో 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. మనిషి శరీరాన్ని, వెలుగు నీడలను చూసి గీయడం అక్కడ క్రమశిక్షణతో నేర్చుకున్నారు. పెద్ద నగరంలో ఉండిపోయే అవకాశం ఉన్నా, చదువయ్యాక తిరిగి రాజమండ్రికే వచ్చారు. 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఆయన వేసిన 'ఋష్యశృంగ బంధనం' బహుమతి పొందింది. 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం', 'నంది పూజ' వంటివి ఆ కొద్ది ఏళ్ళలో వచ్చినవే. కథ పురాణానిది కావచ్చు, బుద్ధునిది కావచ్చు. అందులోని స్త్రీలు మాత్రం మన తెలుగు ఇళ్ళలో కనబడే స్త్రీలు. జడ వేసుకునే తీరు, చీర కట్టు, కూర్చునే భంగిమ, అన్నీ చూసి వేసినవి.

బహుమతులకన్నా మాకు ముఖ్యంగా తోచేది ఆయన బడి. ఊరికి వచ్చిన వెంటనే కుర్రవాళ్ళను కూడగట్టి చిత్రకళాశాల పెట్టారు, ఆంధ్ర దేశానికంటూ ఒక చిత్రకళా సంఘాన్ని నడిపారు. తన బొమ్మలతో పాటు తోటివారి బొమ్మలు, శిష్యుల బొమ్మలు కూడా జనం ముందు పెట్టారు. ఆ రోజుల్లో రాజమండ్రి వంటి ఊరిలో బొమ్మలను గోడకు తగిలించి, రండి చూడండి అని పిలవడం కొత్త సంగతి. బడిలో ఆడవారు కూడా ఉన్నారు. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు, భార్య సత్యవాణి గారు ఇద్దరూ కుంచె పట్టారు. వంద ఏళ్ళ కిందట ఇంటి ఆడపడుచు రంగులు కలుపుతూ కూర్చుంటే ఇరుగుపొరుగు ఏమనుకునేవారో మన పెద్దవాళ్ళు ఊహించగలరు.

ఈ విద్యార్థులకు ఎవరూ బల్ల మీద అంశం రాసి ఇవ్వలేదు. కాని వారందరి అంశం ఒక్కటే అయ్యింది. తమ నది, తమ మనుషులు. అయినా ఒకరి బొమ్మ మరొకరి బొమ్మలా లేదు. అంశం ఒకటైనంత మాత్రాన బొమ్మలు ఒకే అచ్చులో పడనక్కరలేదని చెప్పడానికే ఇంత దూరం వచ్చాము.

1925 ఫిబ్రవరి

1925 ఫిబ్రవరి 6న రామారావు గారు మశూచితో చనిపోయారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు నిండడానికి ఇంకా నెల రోజులు ఉంది.

మశూచిని మన పెద్దలు పెద్దమ్మవారు అనేవారు. ఇప్పటి పిల్లలకు వచ్చే ఆటలమ్మ వేరు, ఇది వేరు. మశూచి ఒక వైరసు వలన వచ్చేది. రోగి దగ్గర ఉన్నవారికి శ్వాస ద్వారా, అతని పక్క బట్టల ద్వారా సోకేది. రెండు వారాల లోపు తీవ్రమైన జ్వరం, ఆపైన ఒళ్ళంతా చీము పొక్కులు. టీకా లేనివారిలో సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు చనిపోయేవారు. బతికినవారిలో చాలామందికి ముఖం నిండా గుంటలు మిగిలేవి, కొందరికి చూపు పోయేది. వచ్చాక నయం చేసే మందు అప్పట్లో లేదు.

రాకుండా ఆపే మార్గం మాత్రం అప్పటికే ఉంది. ఇంగ్లండులో జెన్నర్ అనే డాక్టరు 1796లో గోమశూచి పదార్థంతో టీకా వేసి చూపించారు. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకు వేశారు. రామారావు గారు పుట్టిన తర్వాత కొన్నేళ్ళకే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా మందు తయారయ్యేది. రాజమండ్రి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే. అయితే ఆ మందు ఎండకు త్వరగా చెడిపోయేది. చిన్నప్పుడు వేసిన టీకా బలం కొన్నేళ్ళకు తగ్గేది, మళ్ళీ వేయించుకోవాలి. వేసే పద్ధతి కూడా నొప్పిగా ఉండేది. చక్రంలాంటి చిన్న పరికరాన్ని చర్మం మీద తిప్పి గాటు పెట్టేవారు. టీకాలవాడు వస్తున్నాడంటే పిల్లలను గాదెల చాటున దాచిన తల్లుల కథలు మన ఇళ్ళలో ఇంకా వినబడతాయి.

ఎండకు చెడని పొడి టీకా, రెండు మొనల చిన్న సూది, ఇంటింటికీ తిరిగి రోగిని వెతికి చుట్టూ అందరికీ టీకా వేసే పద్ధతి, ఇవన్నీ వచ్చాక మాత్రమే రోగం లొంగింది. మన దేశంలో చివరి కేసు 1975 మేలో. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి వ్యక్తి సోమాలియాలో అలీ మావో మాలిన్, 1977లో. ఈయన ఒక ఆసుపత్రిలో వంటమనిషి. సూది నొప్పి పుడుతుందేమోనని టీకా తప్పించుకున్నాడు. బతికి బయటపడ్డాడు. తర్వాతి జీవితంలో ఊరూరా తిరిగి, నేను చేసిన పని మీరు చేయకండి అని పోలియో చుక్కల గురించి తల్లులకు చెప్పాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి లేదని ప్రకటించింది. రామారావు గారు పోయిన 55 ఏళ్ళకు.

మా టీకాల గది ముందు కూర్చున్న తల్లులు ఇప్పటికీ అడుగుతుంటారు, "పాపకు జలుబుగా ఉంది, ఈసారికి మానేద్దామా" అని. మామూలు జలుబుకు టీకా మానవలసిన పని లేదు. ఎమ్.ఆర్. టీకా, అంటే తట్టు, రుబెల్లా రాకుండా వేసేది, మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో మొదలైంది. 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య రెండోది. మొదటిది వేయించి రెండోది మరచిపోయేవారే ఎక్కువ. కార్డు తీసి ఒకసారి చూడండి.

మిగిలినవారు ఏం చేశారు

గురువు పోతే బడి మూతపడడం లోకంలో మామూలే. కుటుంబంలో ఒకరు ఒక బొమ్మ, మరొకరు ఇంకో బొమ్మ పట్టుకుపోవడం, కొన్ని అమ్ముడుపోవడం, కొన్ని చెదలు తినడం కూడా మామూలే. ఇక్కడ అలా జరగలేదు. వరదా వెంకటరత్నం గారు బడిని నిలబెట్టారు, బొమ్మలు చెదరకుండా కాపాడారు. ఆయన 1963 వరకు జీవించారు. అంటే తన జీవితంలో ఎక్కువ భాగం స్నేహితుడి పనిని మోశారు. బాపిరాజు గారు బందరు జాతీయ కళాశాల వైపు, నవలల వైపు వెళ్ళారు. మన హైదరాబాదుకూ వచ్చి 1940లలో 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులుగా పనిచేశారు. 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' చదివిన పెద్దలు మన సంఘంలో ఉన్నారు. వాటిని రాసిన చెయ్యి బొమ్మలు వేసిన చెయ్యి కూడా అని పిల్లలకు చెప్పవచ్చు.

ఈ రోజు గ్యాలరీలో రామారావు గారి తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, పెన్సిలు గీతలతో పాటు ఆ బృందంలోని ఇతరుల పనులు కూడా ఉన్నాయి. తొందరగా ఒక చుట్టు తిరిగి రావద్దని మా మనవి. పిల్లలను రెండు మూడు బొమ్మల దగ్గర ఆపి, ఇందులో నువ్వు ఎక్కడైనా చూసినది ఏముంది అని అడగండి. చేతి వేళ్ళను చూడమనండి. నీటిరంగుల కాగితానికి ఎండ, తేమ రెండూ శత్రువులే కనుక గోడలను, అద్దాలను ముట్టనివ్వకండి.

ఒక మాట ముందే చెప్పాలి. కొన్ని చిత్రాలలో, అభ్యాసం కోసం వేసిన గీతలలో, బట్టలు లేని శరీరాలు ఉన్నాయి. పిల్లల కళ్ళు మూసి లాక్కుపోవలసిన అవసరం లేదని మేము అనుకుంటున్నాము. ఎముక, కండరం ఎలా ఉంటాయో తెలియకుండా డాక్టరూ పనిచేయలేడు, చిత్రకారుడూ పనిచేయలేడు. ఆ సంగతే పిల్లలకు చెబితే సరిపోతుంది.

జపానులో హిరోషిమా నగరంలోని మోటోమాచి హైస్కూలు విద్యార్థులు 2007 నుండి చేస్తున్న పని కూడా ఇక్కడ చెప్పదగినది. 1945 ఆగస్టు 6న పడిన అణుబాంబును చూసి బతికిన పెద్దల పక్కన ఒక్కొక్క విద్యార్థి కూర్చుంటాడు. వారు చెప్పింది వింటాడు, గీస్తాడు, చూపిస్తాడు. "ఆకాశం ఆ రంగు కాదు, చెయ్యి ఇలా లేదు" అని వారంటే మళ్ళీ మారుస్తాడు. ఒక్క చిత్రానికి నెలల తరబడి పడుతుంది. ఆ చిత్రాలు అక్కడి శాంతి స్మారక మ్యూజియానికి చేరుతున్నాయి. అందరికీ అంశం ఒక్కటే, అయినా ప్రతి బొమ్మ వేరు. ప్రతి విద్యార్థి ఒక మనిషి చెప్పింది విని వేశాడు కనుక.

మన పిల్లలకు ఒక అంశం

అందుచేత మేము కూడా ఒక చిన్న ప్రయత్నం చేయదలచాము. మా పిల్లల వార్డు బయటి వరండా గోడ మీద విద్యార్థుల బొమ్మల ప్రదర్శన పెట్టాలని అనుకున్నాము. అంశం: "మా ఇంటి పెద్దల చెయ్యి".

1970లలో, అంతకు ముందు పుట్టిన మన తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలలో చాలామందికి ముంజేతి మీద గాని, జబ్బ మీద గాని, గుండ్రటి మచ్చలు ఉంటాయి. రూపాయి బిళ్ళంత కూడా ఉండవచ్చు. అవి మశూచి టీకా గుర్తులు. ఇప్పటి పిల్లల ఎడమ జబ్బ మీద ఉండే చిన్న మచ్చ వేరు. అది క్షయ రాకుండా పుట్టగానే వేసే బి.సి.జి.ది. పిల్లలు పెద్దల పక్కన కూర్చొని, ఈ మచ్చ ఎప్పుడు పడింది, ఎవరు వేశారు, ఏడ్చావా, ఎక్కడ దాక్కున్నావు అని అడగాలి. విని, ఆ చేతిని చూసి గీయాలి. మచ్చ లేకపోయినా ఫరవాలేదు. పిండి రుబ్బిన చెయ్యి, కుట్టు మిషను తొక్కుతూ బట్ట పట్టిన చెయ్యి, సెలైను సూది ఉన్న చెయ్యి, ఏదైనా వేయవచ్చు. ఆ చెయ్యి ఎదురుగా ఉండాలి, అంతే.

పెద్దలు దిద్దకూడదు. ఇది ఒక్కటే నిబంధన. వేళ్ళు ఆరు వచ్చినా అలాగే ఉంచండి. పెన్సిలు, క్రేయాన్లు, నీటిరంగులు ఏవైనా సరే. కుంచె మొన సరిచేయడానికి నోట్లో పెట్టుకునే అలవాటు కొందరు పిల్లలకు ఉంటుంది, అది మాన్పించండి. గీసేటప్పుడు కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుంటున్నా, తల ఒక పక్కకు వంచి చూస్తున్నా కళ్ళ పరీక్ష చేయించండి. మెల్లకన్ను, చూపు మందగించడం చాలా ఇళ్ళలో ఇలాంటప్పుడే బయటపడతాయి.

బహుమతులు ఇవ్వడం లేదు. వచ్చినవన్నీ ఒకదానిపై ఒకటి అంటించకుండా, ఒక్కొక్క బొమ్మ చుట్టూ కాస్త ఖాళీ ఉండేలా, పిల్లల కంటి ఎత్తులో తగిలిస్తాము. పక్కన పెద్దవారు చెప్పిన మాట పిల్లల దస్తూరీలోనే రెండు వరుసలు ఉంటుంది. వార్డులో ఉన్న పిల్లలు కూడా పాల్గొనవచ్చు. కాగితం, రంగులు సిస్టరమ్మ దగ్గర అడగండి. పెద్దలు ఊళ్ళో ఉంటే సెలవులకు వెళ్ళినప్పుడు వేసి తీసుకురావచ్చు, తొందరేమీ లేదు.

రాజమండ్రిలో ఆగేవారు గ్యాలరీ ఏ రోజు మూసి ఉంటుందో ముందుగా కనుక్కొని వెళ్ళండి. బొమ్మ వెనుక పిల్లవాని పేరు, వయస్సు, ఆ చెయ్యి ఎవరిదో రాసి, ఓ.పి. కౌంటరు పక్కనున్న పెట్టెలో వేయండి.